కొత్త విండోస్‌లో పాత ఆడియో పరికరం: చిన్న స్టూడియోలకు డ్రైవర్ల చిక్కు

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ ఉచితంగా అందిస్తూ వచ్చిన సాధారణ భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో నిలిచిపోయాయి. ఉత్తరాలు, లెక్కలు మాత్రమే చూసుకునే కంప్యూటర్‌ను విండోస్ 11కు మార్చడం సాధారణంగా ఒక పూట పని. పాటలు రికార్డు చేసే కంప్యూటర్ సంగతి వేరు. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించిన తరువాత సంగీత సాఫ్ట్‌వేర్ యథాప్రకారం తెరుచుకుంటుంది, పాత ట్రాకులన్నీ తెరపై కనిపిస్తాయి, కానీ మైక్ నుంచి ధ్వని మాత్రం లోపలికి రాదు. ఇంటి గదిలోనే స్టూడియో నడుపుకొనే చాలా మందికి తొలి అనుమానం పరికరం మీదికే పోతుంది. అనేక సందర్భాల్లో పరికరం నిక్షేపంగానే ఉంటుంది. తప్పిపోయినది దానికీ కంప్యూటర్‌కూ నడుమ దుబాసీగా పనిచేసే డ్రైవర్.

మైక్, వీణ పికప్, గిటార్ వంటి వాటి నుంచి వచ్చే విద్యుత్ సంకేతాన్ని అంకెలుగా మార్చి కంప్యూటర్‌కు పంపే పెట్టెను ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు. ఆ అంకెలను ఆపరేటింగ్ సిస్టమ్‌కు అర్థమయ్యే రీతిలో అందించే చిన్న ప్రోగ్రామే డ్రైవర్. ఇది సాధారణ ప్రోగ్రాముల వలె పైపొరలో కాక, వ్యవస్థకు గుండెకాయ వంటి కెర్నెల్‌లో పనిచేస్తుంది. అందువల్లనే ఆపరేటింగ్ సిస్టమ్ మారినప్పుడు అందరికంటే ముందుగా దెబ్బ తగిలేది డ్రైవర్లకే.

సినిమా చూడడానికి, పాట వినడానికి విండోస్‌లో ఉన్న సాధారణ ఆడియో మార్గం చాలు. రికార్డింగ్‌కు చాలదు. కారణం ఆలస్యం. కంప్యూటర్ ధ్వనిని ఒక్కొక్క నమూనాగా కాక, కొన్నింటిని పోగుచేసి బఫర్ల రూపంలో స్వీకరిస్తుంది. సెకనుకు 48,000 నమూనాల వేగంతో రికార్డు చేస్తూ బఫర్‌ను 1024 నమూనాలుగా ఉంచితే ఒక వైపు 21 మిల్లీసెకన్లు పడుతుంది. లోపలికి వెళ్లి తిరిగి రావడానికి సుమారు 43 మిల్లీసెకన్లు అవుతుంది. గాలిలో ధ్వని అంత సమయంలో దాదాపు 15 మీటర్లు ప్రయాణిస్తుంది. అంటే గాయని తన గొంతును హెడ్‌ఫోన్లలో హాలు అవతలి చివర నుంచి వస్తున్నట్లు వింటూ పాడవలసి ఉంటుంది. తాళం నిలవదు. బఫర్‌ను 64కు తగ్గిస్తే అదే ఆలస్యం 3 మిల్లీసెకన్ల లోపుకు దిగుతుంది. పరికరం లోపల పట్టే కొద్దిపాటి సమయం దీనికి అదనం. అయితే అంత చిన్న బఫర్‌ను కంప్యూటర్ ఒక్కసారి అందుకోలేకపోయినా రికార్డింగ్‌లో చిటపటలు వినిపిస్తాయి.

పరికరంలోనే డైరెక్ట్ మానిటరింగ్ మీట ఉంటే గాయకులు ఈ ఆలస్యాన్ని తప్పించుకోగలరు, ఎందుకంటే వారి గొంతు కంప్యూటర్‌లోకి వెళ్లకుండానే హెడ్‌ఫోన్లకు చేరుతుంది. కీబోర్డు వాయిద్యకారునికి ఆ వీలు లేదు. ఆయన వినే వేణువైనా, వయొలిన్ అయినా సాఫ్ట్‌వేర్‌లోనే పుడుతుంది.

ఈ సమస్యకు జర్మనీలోని హాంబర్గ్‌కు చెందిన స్టైన్‌బర్గ్ సంస్థ 1997లో ఏసియో అనే పద్ధతితో పరిష్కారం చూపింది. విండోస్ మిక్సర్‌ను పక్కన పెట్టి, సంగీత సాఫ్ట్‌వేర్ నేరుగా పరికరంతో మాట్లాడడం దీని సారాంశం. 2007లో విండోస్ విస్టాతో మైక్రోసాఫ్ట్ తన ఆడియో వ్యవస్థను తిరగరాసి వాసాపి అనే కొత్త మార్గాన్ని తెచ్చినా, స్టూడియోలు ఏసియోను విడిచిపెట్టలేదు. ఇందులో ఒక మెలిక ఉంది. ఏసియో డ్రైవర్‌ను రాయవలసినది పరికరం తయారుచేసిన సంస్థే. ఆ సంస్థ మూతపడినా, పాత మోడల్‌పై ఆసక్తి కోల్పోయినా, ఆ పరికరం చివరిగా వెలువడిన డ్రైవర్‌తోనే మిగిలిపోతుంది.

విండోస్ 11 ఇలాంటి పరికరాలను ప్రధానంగా రెండు చోట్ల ఆపుతుంది. మొదటిది, అది 64 బిట్ల రూపంలోనే లభిస్తుంది. 32 బిట్ల ప్రోగ్రాములు దానిపై నడుస్తాయి గాని, 32 బిట్ల డ్రైవర్లు నడవవు. రెండవది మెమరీ ఇంటిగ్రిటీ అనే రక్షణ. ఇది విండోస్ 10లోనూ ఉన్నదే అయినా, తగిన హార్డ్‌వేర్ గల కంప్యూటర్లలో విండోస్ 11ను కొత్తగా స్థాపించినప్పుడు తనంతట తానే అమలులోకి వస్తుంది. కెర్నెల్ మెమరీలో ఒకే చోట రాయడాన్నీ, రాసినదాన్ని కోడ్‌గా నడపడాన్నీ ఇది అనుమతించదు. హానికర ప్రోగ్రాములు చొరబడే దారి అదే. దురదృష్టవశాత్తు కొన్ని పాత డ్రైవర్లు కూడా అదే పద్ధతిలో రాసి ఉన్నాయి. విండోస్ సెక్యూరిటీలోని కోర్ ఐసోలేషన్ పేజీలో అడ్డుపడుతున్న డ్రైవర్ ఫైళ్ల పేర్లు చూడవచ్చు.

ఆ రక్షణను తీసివేయమన్న సలహా సులభంగానే దొరుకుతుంది, పరికరం తిరిగి పనిచేయవచ్చు కూడా. అయితే బ్యాంకు లావాదేవీలు, ఖాతాదారుల ఫైళ్లు కూడా అదే కంప్యూటర్‌లో ఉన్నప్పుడు ఇది మంచి బేరం కాదు. అలాగే ఏసియో ఫర్ ఆల్ అనే ఉచిత ప్రోగ్రామ్‌పై పెట్టుకునే ఆశకూ ఒక హద్దు ఉంది. విండోస్ ఇప్పటికే గుర్తించిన పరికరానికి అది ఏసియో ముసుగు తొడుగుతుంది, డ్రైవరే లేని పరికరానికి ప్రాణం పోయలేదు.

యూఎస్‌బీ ఆడియో ప్రమాణాన్ని యథాతథంగా పాటించే పరికరాలు ఈ చిక్కులో పడే అవకాశం తక్కువ. ఆ ప్రమాణపు 2.0 రూపానికి విండోస్ 10లో 2017 నుంచి సొంత డ్రైవర్ ఉంది, లైనక్స్‌లోనూ ఇవి విడిగా డ్రైవర్ లేకుండానే నడుస్తాయి. అయితే తయారీ సంస్థ ఇచ్చే మిక్సర్ ప్యానెల్ వంటి సదుపాయాలు అందకపోవచ్చు. ఆర్మ్ ప్రాసెసర్ గల విండోస్ ల్యాప్‌టాప్ కొనేవారు మరింత జాగ్రత్త పడాలి. ఇంటెల్ కోసం రాసిన ప్రోగ్రాములను ఆ యంత్రం అనువదించి నడపగలదు గాని, డ్రైవర్లను నడపలేదు.

మ్యాక్ వాడేవారికి ఈ బాధ లేదని అనుకోవడం పొరపాటు. ఆపిల్ సంస్థ 2019 నాటి కాటలీనాలో 32 బిట్ల ప్రోగ్రాములను పూర్తిగా తొలగించింది. 2020 చివరలో సొంత ప్రాసెసర్లకు మళ్లింది. 2025 సెప్టెంబరులో విడుదలైన టాహోలో ఫైర్‌వైర్‌కు మద్దతే లేదు. ఒకప్పుడు పెద్ద స్టూడియోల్లో వెలిగిన ఫైర్‌వైర్ పెట్టెలు ఎన్నో ఈ దెబ్బతో కొత్త మ్యాక్‌లకు దూరమయ్యాయి.

పరికరం పోతే మరొకటి కొనవచ్చు. అంతకంటే పెద్ద నష్టం పాత ప్రాజెక్టు ఫైళ్లది. క్యూబేస్ 2016లో వచ్చిన తొమ్మిదవ వెర్షన్ నుంచి 64 బిట్ల రూపంలోనే ఉంది. అంతకు ముందు 32 బిట్ల ప్లగిన్‌తో పలికించిన తంబూర శ్రుతి, తబలా వరుసలు నేడు ఆ ఫైల్ తెరిస్తే మౌనంగా ఉండవచ్చు. నోట్లు ఉంటాయి, వాటిని పలికించే వాయిద్యం ఉండదు. కాబట్టి మారే ముందే, పాత వ్యవస్థ పనిచేస్తుండగానే, ప్రతి ట్రాకునూ మొదటి నుంచి చివరి వరకు విడివిడిగా వేవ్ ఫైళ్లుగా భద్రపరచాలి. పాట వేగం, శ్రుతి వివరాలు ఒక సాదా టెక్స్ట్ ఫైల్‌లో రాసి పక్కన ఉంచాలి. ప్లగిన్ లైసెన్సులలో కొన్ని కంప్యూటర్‌కు ముడిపడి ఉంటాయి. పాత డిస్క్‌ను చెరిపివేయక ముందే వాటిని రద్దు చేసుకోవడం మేలు.

ఆ తరువాత కొత్త వ్యవస్థను వేరొక డిస్క్‌పై స్థాపించి, కనీసం ఒక పూర్తి పాటను అందులో రికార్డు చేసి చూడాలి. పాత కంప్యూటర్‌ను ఇంటర్నెట్‌కు కలపకుండా రికార్డింగ్‌కే పరిమితం చేసి కొనసాగించే స్టూడియోలూ ఉన్నాయి, అది సమంజసమే. ఇంటర్నెట్ తప్పనిసరి అయినవారి కోసం 2026 అక్టోబరు 13 వరకు వర్తించే అదనపు భద్రతా అప్‌డేట్ల పథకాన్ని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. అందులో విడిగా నమోదు కావాలి.

యమహా, క్వాల్‌కామ్ సంస్థలతో కలిసి, ఏసియోతో పనిచేసే యూఎస్‌బీ ఆడియో డ్రైవర్‌ను విండోస్‌లోనే పొందుపరచనున్నట్లు కూడా మైక్రోసాఫ్ట్ 2024 నవంబరులో తెలిపింది. ఆ డ్రైవర్ ఉద్దేశించినది యూఎస్‌బీ ఆడియో 2.0 ప్రమాణాన్ని పాటించే పరికరాలకు. ఫైర్‌వైర్ పెట్టెలు, తమదైన సొంత పద్ధతిలో మాత్రమే పనిచేసే పాత యూఎస్‌బీ పరికరాలు దాని పరిధిలోకి రావు.