జావాలోకి లాంబ్డా దిగిన దారి

2014 మార్చి 18న జావా 8 విడుదలైంది. సెంటినరీ కాలనీలో 2010లో మొదలైన జేఎన్‌టీయూ మంథని ఇంజనీరింగ్ కాలేజీ తొలి బ్యాచ్ చదువు ముగించుకుంటున్న రోజులవి. క్లాసులో వాళ్లు నేర్చిన జావాలో ఏ పనికైనా ఒక క్లాసు ఉండాల్సిందే. కొత్త జావాలో ఫంక్షన్‌నే విలువలా చేతికిచ్చే లాంబ్డాలు, వాటితో నడిచే స్ట్రీములు వచ్చాయి. ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ చివరికి గెలిచిందని అప్పట్లో చాలామంది అన్నారు. ఆ మాట చరిత్రకు సరిపోదు. లాంబ్డా జావాలోకి వచ్చింది పాత పద్ధతి పెట్టిన షరతులన్నిటికీ ఒప్పుకునే. గోదావరిఖని బొగ్గుబాయిల్లోకి 1980లలో లాంగ్‌వాల్ అనే యంత్రాల తవ్వకం దిగినప్పుడు, పైకప్పుకు ఆధారంగా బొగ్గు స్తంభాలు వదిలి తవ్వే పాత బోర్డ్ అండ్ పిల్లర్ పని మూతపడలేదు. రెండూ దశాబ్దాల పాటు పక్కపక్కనే సాగాయి. జావాలోనూ జరిగింది అదే.

నిజానికి లాంబ్డా వయసులో జావా కంటే చాలా పెద్దది. 1930లలో అలోంజో చర్చ్ గణితంలో వాడిన గుర్తు అది. 1958లో లిస్ప్ భాష మొదలుపెట్టిన జాన్ మెకార్తీ దాన్ని కంప్యూటర్ దాకా తెచ్చారు. ఆ మెకార్తీ దగ్గరే, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ పూర్తిచేశారు చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. తెలుగువాళ్లకు లిస్ప్ ఇంటితో చుట్టరికం జావా పుట్టక ముందు నుంచే ఉందన్నమాట. మరి 1995లో జనం ముందుకొచ్చిన జావాలో లాంబ్డా ఎందుకు లేదు? సీ, సీ++ రాసేవాళ్లను తనవైపు తిప్పుకోవాలన్నది జావాను తయారుచేసిన సన్ కంపెనీ ఆలోచన. వాళ్లకు బెరుకు పుట్టించేవి పక్కన పెట్టింది. లాంబ్డాకు బదులు 1997లో ఇన్నర్ క్లాసులు ఇచ్చింది. వాటితో ఒక్క వరుస పనికి ఐదు వరుసల తొడుగు అవసరమయ్యేది. 1990ల చివర మైక్రోసాఫ్ట్ తన జావాలో మెథడ్‌ను విలువలా పంపే డెలిగేట్లు పెడితే, అవి భాష సరళతను చెడగొడతాయని సన్ ఏకంగా ఒక పత్రమే వెలువరించింది. 2007లో సీ షార్ప్ లాంబ్డాలు తెచ్చుకుంది. జావాలో వాదులాట తెగలేదు. 2011లో జావా 7 కూడా అవి లేకుండానే వచ్చింది. ఈలోగా ప్రాసెసర్ల వేగం పెరగడం మందగించి, కోర్ల సంఖ్య పెరగసాగింది. పనిని కోర్లకు పంచగల రాత కావాల్సి వచ్చింది. లాంబ్డా వద్దన్న పట్టుదల సడలడంలో సిద్ధాంతం కంటే ఈ అవసరం బరువే ఎక్కువని నా అభిప్రాయం.

పాత జావాకూ కొత్త జావాకూ తేడా ఒక మస్టర్ రోల్ (హాజరు పట్టీ) దగ్గర బాగా కనిపిస్తుంది. 1952 గనుల చట్టం ప్రకారం భూగర్భంలో పనిచేసేవారికి ఏడాదిలో 190 మస్టర్లు పడితే, ప్రతి 15కు ఒకరోజు చొప్పున జీతంతో సెలవు వచ్చేది. బాయి మొత్తం మీద ఎన్ని సెలవులో లెక్కించాలంటే పాత జావాలో సున్నాతో ఒక వేరియబుల్ పెట్టి, లూప్ తిప్పుతూ, ఒక్కో పేరును ఇఫ్‌తో పరీక్షించి, భాగించి, కలుపుతూ పోవాలి. స్ట్రీములో ఫిల్టర్ 190కి తక్కువైనవాళ్లను ఆపుతుంది, మ్యాప్ 15తో భాగిస్తుంది, సమ్ కూడుతుంది. సమ్ అడిగేదాకా ముందు రెండూ కదలవు. కోల్ హ్యాండ్లింగ్ ప్లాంట్‌లో బెల్టులు నడిపే క్రమమూ ఇదే: బొగ్గు ఆఖరున చేరే బెల్టు ముందు తిరగాలి, తర్వాత దాని వెనకది, అన్నిటికన్నా చివర బొగ్గు పోసేది. తలకిందులుగా మొదలుపెడితే మధ్యలో గుట్ట పడుతుంది. స్ట్రీములోనూ ఫిల్టర్‌కూ మ్యాప్‌కూ నడుమ ఇంకో జాబితా పోగుపడదు. ఒక్కో పేరు చివరిదాకా సాగిపోతుంది.

ఇదంతా టైపింగ్ తగ్గించుకోవడమే కదా అనవచ్చు. కాదు. లూప్ రాసినవాడు ఏది ముందో ఏది వెనకో తానే శాసిస్తాడు. స్ట్రీము రాసినవాడు ఏం కావాలో చెప్పి, ఎలా నడపాలో లైబ్రరీకి వదిలేస్తాడు. అందుకే అదే లెక్కను పది కోర్లకు పంచడం వీలైంది. తప్పు ఎక్కడ దొర్లిందో వెతకడం మాత్రం కష్టమైంది. లైబ్రరీ లోపలి పిలుపుల మధ్య మన వరుస ఎక్కడో ఉంటుంది. ఆ నష్టాన్ని ఒప్పుకోవాలి. ఫంక్షనల్ భాష హాస్కెల్ అభిమానుల అభ్యంతరం ఇంకా గట్టిది: లాంబ్డా బయటి లోకల్ వేరియబుల్‌ను మార్చనివ్వదు గానీ, ఆ వేరియబుల్ పట్టుకున్న ఆబ్జెక్టు లోపల ఏమైనా మార్చుకోనిస్తుంది, ఇదేం ఫంక్షనల్ భాష? నిజమే, జావా ఫంక్షనల్ భాష కాలేదు. కావాలని కూడా దాన్ని తీర్చిదిద్దినవాళ్లు అనుకోలేదు. వాళ్ల దిగులంతా, బొగ్గుబాయిలోలా, పైకప్పు గురించి. కలెక్షన్ ఇంటర్‌ఫేస్‌లో స్ట్రీమ్ అనే మెథడ్ ఊరికే చేరిస్తే, దాన్ని ఆధారం చేసుకుని ప్రపంచమంతటా రాసుకున్న క్లాసులు కంపైల్ కాకుండా పోతాయి. పిల్లర్ తీస్తే పైకప్పు దిగినట్టే. అందుకని ఇంటర్‌ఫేస్‌లోనే మెథడ్‌కు బాడీని ఇచ్చే డిఫాల్ట్ మెథడ్లు కనిపెట్టారు. లాంబ్డాకు కొత్త టైపు కూడా కట్టలేదు. అమలు చేయాల్సిన మెథడ్ ఒక్కటే ఉన్న ఏ పాత ఇంటర్‌ఫేసైనా దానికి చాలన్నారు.

ఆ తర్వాత 2021లో జావా 16తో రికార్డులు, 2023లో జావా 21తో స్విచ్‌లో ప్యాటర్న్ మ్యాచింగ్ స్థిరపడ్డాయి. ఇవీ ఫంక్షనల్ భాషల్లో దశాబ్దాలుగా ఉన్నవే. ఇవీ పాత కోడ్‌ను కూల్చకుండానే దిగాయి. 1996లో తొలి జేడీకేతో వచ్చిన రన్నబుల్ తన చోటనే ఉంది. అందులో ఇప్పటికీ ఒక్క మెథడే. నిన్న రాసిన లాంబ్డా దానికి సరిగ్గా అమరుతుంది.