వెలలేని కృప: ముత్యాలపాడు నుండి నంద్యాల వరకు

ఆళ్లగడ్డ నుండి అహోబిలమునకు పోవు త్రోవలో, నల్లమల అంచున, భగవంతుని కృప జీవుని ప్రయత్నమును కోరునా, లేక నిర్హేతుకముగా ప్రసరించునా అను ప్రశ్న, క్రైస్తవము ఈ సీమకు రాకమునుపే శ్రీవైష్ణవులలో చర్చకు వచ్చినది. తల్లిని తానే పట్టుకొను కోతిపిల్లను వడకలైవారును, తల్లి నోట కరచుకొని పోవు పిల్లిపిల్లను తెంకలైవారును దృష్టాంతముగా చూపిరి. అహోబిల మఠము వడకలై సంప్రదాయమునకు చెందినది. ఆ కొండలకు దవ్వు కాని ముత్యాలపాడులో, 19వ శతాబ్ది మధ్యభాగమున, ఆంగ్లికను సంఘపు సువార్త ప్రచార సమాజమైన ఎస్.పి.జి. మిషను దొరలు నిలిచి, ఆ ప్రశ్నకు తమదైన సమాధానమును మాలపల్లెలలో బోధింపసాగిరి.

ఆ సమాధానము పౌలు గలతీయులకును రోమీయులకును వ్రాసిన పత్రికలలోనిది. 1520లో మార్టిన్ లూథర్ క్రైస్తవ స్వాతంత్ర్యమును గూర్చి వ్రాసిన చిన్న గ్రంథముచే ఐరోపాలో మరల మేల్కొన్నది. మానవుడు క్రియలవలన గాక, క్రీస్తునందలి విశ్వాసమువలననే నీతిమంతుడగును. సత్క్రియలు ఆ విశ్వాసమునకు ఫలములు. ఆంగ్లికను సంఘపు 39 మత సూత్రములలో పదునొకండవదియు పండ్రెండవదియు ఇదే చెప్పును.

పుట్టుకయే అపరాధమని ఊరు తీర్పు చెప్పినవారికి, ఏ పుణ్యమును కూడబెట్టనక్కర లేకయే దేవుడు నిన్ను కుమారునిగా చేర్చుకొనెనను మాట ఎంతటి ఊరటయై యుండునో నేటివారు ఊహింపవలసినదే. కూలి ముగించుకొని వచ్చినవారిని రాత్రివేళ కూర్చుండబెట్టుకొని, చదువురాని నోళ్లచేత ఉపదేశి పరలోక ప్రార్థనను, విశ్వాస ప్రమాణమును, పది ఆజ్ఞలను వల్లె వేయించెడివాడు. అయితే, తల్లి చేతులలోని పసికందునకు గురువు నీరు పోసి బాప్తిస్మమిచ్చునప్పుడు ఆ బిడ్డ వల్లించినదేమియు లేదు, చేసిన పుణ్యమును లేదు. కృపను గూర్చి ఇంతకంటె స్పష్టమైన ప్రసంగము మరియొకటి ఉండునని నేననుకొనను.

అయినను చరిత్ర ఇంత సూటిగా నడువలేదు. పెక్కు తెలుగు మిషన్లలో చచ్చిన గొడ్డు మాంసము మానుట, సారా మానుట, జాతరలలో డప్పు కొట్టకుండుట, ఆదివారము పనికి పోకుండుట బాప్తిస్మార్థులకు కట్టడలైనవి. ఇవి సంస్కరణములే, వీటిని పాటించినందుకు ఆసాముల ఆగ్రహమునకు గురియైనవారును గలరు. కాని ఉచితముగా దొరకినదను కృపకు ఎదుట నియమముల జాబితా నిలిచినపుడు, ఫలమే మూలమైపోవు ప్రమాదమున్నది. మాల మాదిగల నడుమ నెడము, ఒకే పాత్రనుండి ప్రభు భోజనపు ద్రాక్షారసమును త్రాగుటకు సైతము తొట్రుపాటు, బాప్తిస్మముతో తీరిపోలేదు. కృప ఒకనాటి వరమే గాని, దానిని నమ్మి నడచుట తరముల పనియని నా అభిప్రాయము.

1876-78 నాటి ధాత కరువు కర్నూలు మండలమును నలిపివేసెను. 1871, 1881 జనాభా లెక్కలను పోల్చి చూచిన, జనులలో దాదాపు నాల్గవ వంతు తగ్గిరి. అన్నమునకై వచ్చిన విశ్వాసమెట్టిదను ప్రశ్న అప్పుడు మిషనరీలందరి యెదుట నిలిచెను. ఒంగోలులో బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ కరువు కాలమున బాప్తిస్మములను నిలిపివేసి, 1878 జూలై 3న వెల్లంపల్లి చెంత ఒక్క దినమున 2,222 మందికి వాటిని జరిపించెను. కరువు నాటి ఈ చేరికలనే కొందరు నేటికిని గంజి క్రైస్తవమని ఎత్తిపొడుతురు. ఆకలిగొన్నవాడు విశ్వసింపలేడని యనుట అన్యాయము. విశ్వాసమునకు అంతస్తు నియమింపరాదనుటయే కదా కృపా సిద్ధాంతము.

1912లో వి.ఎస్. అజరయ్యగారు దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తులైరి; ఆంగ్లికను సంఘమున బిషప్పైన తొలి భారతీయులు వారే. పిమ్మట నంద్యాల సీమయు వారి మండలములోనిదైనది. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికనులును ఇతర ప్రొటెస్టంటు శాఖలును కలిసి దక్షిణ ఇండియా సంఘము ఏర్పడగా, గురు అభిషేక పరంపర విషయమున సందేహపడి నంద్యాల ఆంగ్లికనులలో పెద్ద భాగము చేరక నిలిచెను. పిమ్మట ఏండ్లకు నంద్యాల అధ్యక్షమండలమును ఆ సంఘమున చేరినది. కృప గురువు హస్తమున నిలుచునా, విశ్వాసమున నిలుచునా యను పాత చిక్కే ఆ విడిపోవుటలో మరియొక రూపమున కనబడినదని నాకు తోచును.

ఈ చరిత్రకు సాక్ష్యములైన పాత బాప్తిస్మపు రిజిష్టర్లు ఈ సీమ పల్లె సంఘములలో ఎక్కడ మిగిలియున్నను, పెద్దలు వాటిని చెదపురుగుల పాలు చేయక భద్రపరచి, నకళ్లు తీయించి యుంచవలెనని నా మనవి.