ప్రాంత చరిత్ర, దేశ చరిత్ర

దేశ చరిత్రమును రాజధానిలో నిలిచి చూచి వ్రాయవచ్చును. సీమలలో నిలిచి చూచియు వ్రాయవచ్చును. ఈ రెంటిలో నొక్కటియే చాలునని తలచిన చరిత్రకారుడు పొరపడును. మహారాష్ట్ర చరిత్ర రచన ఇందుకు మంచి నిదర్శనము.

సతారాలో ఉద్యోగము చేసిన గ్రాంట్ డఫ్ ఎన్నో దేశీయ పత్రములను శ్రమించి సేకరించి, 1826లో మూడు సంపుటముల మరాఠా చరిత్రమును ప్రకటించెను. అయినను మరాఠాల అభ్యుదయము ఆతనికి సహ్యాద్రిపై ఎండుగడ్డి అంటుకొనినట్లు తోచెను. 1900లో మహాదేవ గోవింద రానడే తన గ్రంథమున దీనికి సమాధానము చెప్పెను. సాధుసంతుల బోధలును, దేశభాషాభివృద్ధియు అంతకు మున్నే నేలను సిద్ధపరచినవని ఆతని వాదము.

వాదమునకు ఆధారములు వలయును. విశ్వనాథ కాశీనాథ రాజవాడే ఊరూర తిరిగి, పాత కుటుంబముల యిండ్లలో చెదలు తినుచున్న లేఖలను వెదకి తెచ్చెను. 1898లో వెలువడిన ఆతని మొదటి సంపుటమున 1761 నాటి పానిపట్టు యుద్ధమునకు పూర్వపు లేఖలు కలవు. అంతవరకు ఆ యుద్ధ వృత్తాంతమునకు ముఖ్యాధారము షుజా ఉద్దౌలా కొలువులోని కాశీరాజు పారసీక రచన. అది యెదుటి శిబిరమునుండి చూచిన చూపు. ఈ లేఖలలోనో, ధాన్యము కొఱకును ధనము కొఱకును మరాఠా సేనాని పడిన ఆరాటము వినవచ్చును.

వంగదేశీయుడైన యదునాథ సర్కారు ఔరంగజేబు చరిత్రమును అయిదు సంపుటములలో వ్రాసెను. 1919లో శివాజీ చరిత్రమును వెలువరించెను. పారసీక పత్రములకును, ఇంగ్లీషు వర్తకుల లేఖలకును ఆతడు ప్రాధాన్యమిచ్చి, తరువాతి కాలపు మరాఠీ బఖరులను శంకించెను. పూనా పండితులు నొచ్చుకొనిరి. ఇరువురి పక్షమునను సత్యము కలదు. ప్రాంతాభిమానము లేనివానికి పత్రములు దొరకవు. అభిమానము దక్క మఱేమియు లేనివానికి దొరకినను అవి పలుకవు.

ఈ రెండు పక్షములను కలిపినది గోవింద సఖారాం సర్దేశాయి స్నేహము. సర్కారునకును ఆతనికిని దాదాపు అర్ధశతాబ్దము ఉత్తర ప్రత్యుత్తరములు నడచెను. చిరకాలము పండితులకు మూతపడియున్న పీష్వా దఫ్తరమునుండి 1930 మొదలు సర్దేశాయి నలువదియైదు సంపుటములను ప్రకటించెను. మొగలు సామ్రాజ్య పతనమును వ్రాయుచు సర్కారు మరాఠీ లేఖలను పారసీక గ్రంథముల సరసన నిలిపి పరిశీలించెను. ఢిల్లీ కథ పూనా పత్రములు లేక పూర్తికాలేదు.

ప్రాంత చరిత్రలను వరుసగా పేర్చినంత మాత్రమున దేశ చరిత్ర కాదు. ఒక సీమవాడు మఱియొక సీమ భాష నేర్చి దాని పత్రములను చదువవలెను; ఆ సీమవారు ఆతని ఆక్షేపణలను ఓర్పుతో వినవలెను. ఈ కష్టమునకు ఒప్పుకొననిచో ప్రతి ప్రాంతమునకును ఒక్కొక్క స్తోత్రము మిగులును. దేశమునకు చరిత్ర మిగులదు.