పాత కాగితం విలువ

ఉద్యోగకాలంలో ఎక్కువ భాగం నేను రికార్డు గదిలోనే గడిపాను. అందుకే ఈ చరిత్ర నన్ను ఆలోచింపజేసింది.

అమెరికాలో 1995లో సీనెట్ వెబ్‌సైటు మొదలైంది. కంప్యూటర్ల వార్తలు, వాటి మంచిచెడ్డలు జనం అందులో ఉచితంగా చదివేవారు, రాబడి ప్రకటనలది. 2008లో సీబీఎస్ సంస్థ దాన్ని 180 కోట్ల డాలర్లకు కొన్నది. 2020లో 50 కోట్లకు రెడ్ వెంచర్స్ పరమైంది. 2024లో జిఫ్ డేవిస్ కొన్నప్పుడు ధర 10 కోట్ల పైచిలుకే. ప్రకటనల సొమ్ము గూగుల్, ఫేస్‌బుక్‌ల వైపు మళ్ళడం ఇందుకొక ముఖ్య కారణం.

ధర పడిపోవడం వ్యాపారంలో మామూలే. కాని 2023లో గూగుల్ వెతుకులాటలో ముందుండాలని సీనెట్ వేలాది పాత వ్యాసాలను తొలగించింది. నకళ్ళు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో భద్రపరుస్తున్నామన్నది.

మన ఆఫీసుల్లో ఆర్.డిస్. అంటే శాశ్వతంగా ఉంచవలసిన ఫైలు. పాఠకులు తగ్గారని దాన్ని తీసేయరు. ఒక మిత్రుని పెన్షను ముప్పయ్యేళ్ళ నాటి ఒక్క ఉత్తర్వు దొరకక ఆగిపోయింది. మూడు రోజులు కట్టలు విప్పి వెతికాను. దొరికింది, ఆయన ఇంట్లో పొయ్యి వెలిగింది.

మన సంచికలన్నీ బైండు చేయించి సంఘ కార్యాలయంలో భద్రపరచాలని కార్యవర్గానికి నా మనవి.