ఓడమీదినుండి వచ్చిన విమానములు

పల్నాటివారికి యుద్ధమన్న మాట వినబడగనే కారెంపూడియు, నాగులేటి యొడ్డున జరిగిన పోరును జ్ఞప్తికి వచ్చును. ఆనాడు శత్రువు ఏ దారిని వచ్చుచున్నాడో చూచి చెప్పుటకు వీలుండెను. 1942లో తెలుగు తీరమునకు వచ్చిన యుద్ధము అట్టిది కాదు. అది ఆకాశమార్గమున వచ్చినది.

ఆ సంవత్సరము మార్చి 8న రంగూను, 23న పోర్టుబ్లెయిరు జపానువారి వశమైనవి. బర్మాలో కూలికిని, వ్యాపారమునకును పోయిన తెలుగువా రనేకులు అడవులు దాటి, కాలినడకన స్వదేశమునకు తరలి వచ్చుచుండిరి. పోర్టుబ్లెయిరునుండి విశాఖపట్టణము సుమారు 1,200 కిలోమీటర్లు. బాంబులు మోసికొని అంతదూరము వచ్చి మరల తిరిగిపోవుట ఆనాటి ఒంటి యింజను విమానమునకు శక్యము కాదు. అయినను ఏప్రిలు 6వ తేదీ సోమవారమునాడు, పట్టపగలు, జపాను విమానములు విశాఖపట్టణముమీదను, కాకినాడమీదను బాంబులు వేసినవి.

అవి ‘ర్యూజో’ అను ఓడమీదినుండి వచ్చినవి. ఓజావా అను సేనాని నడపిన నౌకాదళములో నిది యొకటి. ఈ ఓడ పైభాగమంతయు చదునైన మైదానము. పొడవు సుమారు 500 అడుగులు. ఓడను నడపువారి గది సహితము ఆ మైదానమునకు అడుగున, ముందు భాగమున ఉండెను. విమానము నేలమీదినుండి లేవవలెనన్న చాలదూరము పరుగెత్తవలెను. ఓడమీద అంత చోటు లేదు. అందువలన ఓడయే గాలికి ఎదురు తిరిగి, వేగముగా పోవును. గాలిపటము ఎగురవేయు పిల్లవాడు గాలికెదురుగా పరుగెత్తుట మన మెరుగనిది కాదు, సూక్ష్మ మదియే. దిగునపుడు విమానము తోకవద్ద నున్న కొక్కెము, ఓడమీద అడ్డముగా కట్టిన ఇనుపత్రాళ్లలో ఒకదానికి తగులుకొని, విమానమును నిలుపును. ఓడ కడుపులో చోటు చాలుటకై రెక్కలను మడచి పెట్టుదురు.

ఇంతకు రెండు దినములు ముందుగా మరియొక వింత విమానము చరిత్రకెక్కినది. అది నీటిమీద దిగి, నీటిమీదినుండియే లేచు కాటలీనా. కెనడా దేశస్థుడైన బిర్చల్ దానిని సింహళములోని కొగ్గల సరస్సునుండి నడపుకొనిపోయి, ఏప్రిలు 4 సాయంకాలము, వేరొక జపాను మహానౌకాదళమును కనుగొనెను. తంతిలేని వార్త పంపుచుండగనే శత్రువులు కాటలీనాను కూల్చిరి. తొమ్మండుగురిలో ఆరుగురు బ్రతికి బందీలైరి. వార్త మాత్రము కొలంబో చేరినది. మన తీరమున కట్టి హెచ్చరిక అందలేదు.

విశాఖపట్టణమున రేవు ప్రాంతములో బాంబులు పడి కొందరు మరణించిరి. సముద్రముమీద నష్టము ఇంతకంటె మిక్కుటము: ఆ కొలది దినములలో ఓజావా దళము బంగాళాఖాతమున ఇరువదికి పైగా వర్తకపు ఓడలను ముంచినది. అయినను పట్టణమును ఖాళీచేయించినది బాంబులకంటె భయమే యని చెప్పవచ్చును. వచ్చిన విమానములు కొలదియే, వదంతులకు లెక్కలేదు. జనులు మూటలు కట్టుకొని లోపలి పల్లెలకు పోయిరి. మద్రాసులో ఒక్క బాంబైనను పడకమునుపే ప్రభుత్వ కార్యాలయములు లోపలి జిల్లాలకు తరలినవి. జంతుప్రదర్శనశాలలోని క్రూరమృగములు తప్పించుకొనునేమో యని వానిని కాల్చి చంపిరి. పాపము, వానికి జపానుతో ఏమి వైరము!

ఈ అలజడి గుంటూరు జిల్లాను తాకిన విధము వేరు. కట్టమంచి రామలింగారెడ్డిగారు ఉపాధ్యక్షులుగా నున్న ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వాల్తేరు విడిచి గుంటూరు చేరినది. నరసరావుపేట, గురజాల, మాచర్ల అప్పుడు ఆ జిల్లాలోనివే. సముద్రతీరమున వెలసిన విద్యాపీఠము బాంబుల కారణముగా పల్నాటి పొరుగుకు వచ్చి, యుద్ధము ముగిసిన పిమ్మట మరల వాల్తేరు చేరుకొన్నది.

ర్యూజో ఆ యేడు గడవలేదు. ఆగస్టు 24న సాలమను దీవులవద్ద అమెరికా ఓడలమీదినుండి ఎగిరిన విమానములే దానిని ముంచినవి. ఆనాడు విశాఖపట్టణమున పడి పేలక మిగిలిన బాంబు ఒకటి ఆ నగరములోని ప్రదర్శనశాలలో చేరినది.