చెన్నై, బెంగళూరు వెళ్తున్నారా? చైన్ హోటల్ బుక్ చేసే ముందు ఈ లెక్క చూసుకోండి!

ఆస్పత్రి పని, వీసా ఇంటర్వ్యూ, ఉద్యోగ పరీక్ష, పెళ్లి షాపింగ్.. తిరుపతి, చిత్తూరు జిల్లాల వాళ్లకు పెద్ద పని ఏది పడినా చెన్నై బస్సో, బెంగళూరు బస్సో ఎక్కాల్సిందే. పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేస్తే సరే. కానీ ఒకట్రెండు రాత్రులు ఉండాల్సి వస్తే? తెలియని ఊళ్లో తెలియని లాడ్జి ఎందుకు, పేరున్న చైన్ హోటల్ అయితే భయం ఉండదని ఇప్పుడు చాలామంది అటే చూస్తున్నారు.

ఆలోచన మంచిదే. కానీ బోర్డు మీద పేరు చూసి బుక్ చేస్తే సరిపోదు. మన పని ఎక్కడ? ఏ టైమ్‌కి ఊళ్లో దిగుతాం? చివరికి చేతి నుంచి పోయేది ఎంత? ఈ మూడూ తేలాకే పేరు సంగతి. లేదంటే గది బాగున్నా డబ్బూ పోతుంది, పనీ చెడుతుంది.

చైన్ హోటళ్లలో ఎన్ని రకాలు?

ఒకే పేరుతో, ఒకే పద్ధతిలో చాలా ఊళ్లలో నడిచేవే చైన్ హోటళ్లు. తిరుపతిలో తాజ్, ఫార్చ్యూన్ బోర్డులు మీరు చూసే ఉంటారు. స్థూలంగా ఇవి నాలుగు రకాలు.

• ఖరీదైనవి: తాజ్, ఐటీసీ, మారియట్ లాంటివి. కంపెనీ డబ్బులతో వెళ్లేవాళ్లు, పెళ్లిళ్లు, పెద్ద మీటింగులు ఎక్కువగా ఇక్కడే.
• మధ్యస్థం: లెమన్ ట్రీ, ఫార్చ్యూన్, నోవోటెల్ లాంటివి. కుటుంబంతో వెళ్లేవాళ్లకు వీలుగా ఉంటాయి.
• బడ్జెట్: జింజర్, ఐబిస్, రెడ్ ఫాక్స్. గది చిన్నదే అయినా శుభ్రంగా ఉంటుంది. హంగులు తక్కువ.
• యాప్ బ్రాండ్లు: ఓయో, ట్రీబో, ఫ్యాబ్‌హోటల్స్. రేటు తక్కువ, గల్లీ గల్లీకీ దొరుకుతాయి.

పేర్లు వేరైనా కొన్నింటి వెనక కంపెనీ ఒక్కటే. 1903లో ముంబైలో మొదలైన తాజ్, 2004లో బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఇండివన్ పేరుతో మొదలైన జింజర్.. రెండూ టాటాల ఇండియన్ హోటల్స్ కంపెనీవే. నోవోటెల్, ఐబిస్ రెండూ ఫ్రాన్స్‌కు చెందిన అకోర్‌వి. రెడ్ ఫాక్స్ లెమన్ ట్రీ వాళ్లది.

ఇక్కడ అసలు తేడా ఒకటుంది. మొదటి మూడు రకాల్లో బిల్డింగ్ ఎవరిదైనా గదులు, సిబ్బంది శిక్షణ, శుభ్రత చాలావరకు కంపెనీ పద్ధతి ప్రకారమే నడుస్తాయి. యాప్ బ్రాండ్లలో ఎక్కువగా లోకల్ ఓనర్ లాడ్జికే కొత్త బోర్డు పడుతుంది. నడిపేది ఆ ఓనరే. అందుకే ఒకే పేరున్న రెండు హోటళ్లలో ఒకటి చక్కగా, ఇంకొకటి అధ్వానంగా ఉండొచ్చు. అలాంటి చోట బ్రాండ్ రేటింగ్ కాదు, ఆ బిల్డింగ్ రివ్యూలే చదవాలి. అవీ గత రెండు మూడు నెలలవి, కస్టమర్లు పెట్టిన ఫొటోలు ఉన్నవి.

స్టార్ల విషయంలోనూ జాగ్రత్త. యాప్‌లో కనిపించే 4.2 లాంటి రేటింగ్ కస్టమర్లు ఇచ్చేది. అసలు స్టార్ గుర్తింపు ఇచ్చేది కేంద్ర పర్యాటక శాఖ కమిటీ. అది ఐదేళ్ల వరకే చెల్లుతుంది. పైగా హోటల్ కోరుకుంటేనే తీసుకుంటుంది, తప్పనిసరి కాదు. కాబట్టి స్టార్ లేనంత మాత్రాన హోటల్ చెడ్డదని కాదు.

పని ఎక్కడో, గది అక్కడే

పెద్ద ఊళ్లలో దూరాన్ని కిలోమీటర్లలో కాదు, ట్రాఫిక్‌లో గడిచే గంటల్లో లెక్కేయాలి. ఒకే బ్రాండ్‌కు ఊరి రెండు కొసల్లో హోటళ్లు ఉంటాయి. చెన్నైలో ఐబిస్ అన్నా సాలైలో ఒకటుంది, ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డు మీద ఇంకొకటుంది. పేరు చూసి రెండోది బుక్ చేసుకుని గ్రీమ్స్ రోడ్ అపోలోకు పొద్దున 8 గంటల అపాయింట్‌మెంట్ పెట్టుకుంటే, ఆ రోజు రోడ్డు మీదే తెల్లారుతుంది.

చెన్నై వెళ్లేవాళ్లు:
• సప్తగిరి లాంటి రైలులో వెళ్తే చెన్నై సెంట్రల్‌లో దిగుతారు. అక్కడే మెట్రో ఉంది. బ్లూ లైన్‌లో థౌజండ్ లైట్స్, గిండీ మీదుగా ఎయిర్‌పోర్టు వరకు, గ్రీన్ లైన్‌లో ఎగ్మోర్, కోయంబేడు, వడపళని వైపు వెళ్లొచ్చు.
• బస్సులో వెళ్తే చివరి స్టాప్ ఏదో టికెట్ మీద చూసుకోండి. ఆంధ్ర వైపు బస్సుల కోసం 2018లో మాధవరంలో కొత్త టెర్మినల్ తెరిచారు. అది ఊరికి ఉత్తరం కొస. చిత్తూరు నుంచి రాణిపేట, శ్రీపెరంబుదూరు మీదుగా వస్తే పూనమల్లి వైపు నుంచి ఊళ్లోకి వస్తారు.
• గ్రీమ్స్ రోడ్ అపోలో, నుంగంబాక్కం శంకర నేత్రాలయ పనుంటే ఎగ్మోర్, నుంగంబాక్కం, థౌజండ్ లైట్స్ ప్రాంతాల్లో గది చూసుకోండి.
• అమెరికా కాన్సులేట్ అన్నా సాలైలో జెమిని ఫ్లైఓవర్ దగ్గర ఉంది. వేలిముద్రలు ఇచ్చే సెంటర్ వేరు, ఇంటర్వ్యూ జరిగే కాన్సులేట్ వేరు. ఫోన్లు లోపలికి తీసుకెళ్లనివ్వరు. దగ్గర్లో గది ఉంటే ఫోన్, బ్యాగు అక్కడే పెట్టి ఫైల్ ఒక్కటీ పట్టుకుని వెళ్లొచ్చు.

బెంగళూరు వెళ్లేవాళ్లు:
• పలమనేరు, ముళబాగల్, కోలారు, హొసకోటె మీదుగా వెళ్లే బస్సు ముందు కేఆర్ పురం తగులుతుంది. అక్కడ పర్పుల్ లైన్ మెట్రో ఉంది. వైట్‌ఫీల్డ్‌లో పనుంటే అక్కడే దిగడం మేలు. మెజెస్టిక్ దాకా వెళ్లి వెనక్కి రావడం దండగ.
• వైట్‌ఫీల్డ్ సత్యసాయి ఆస్పత్రి పేరుతో అదే లైన్‌లో స్టేషన్ ఉంది.
• నిమ్హాన్స్, కిద్వాయ్ క్యాన్సర్ ఆస్పత్రి హోసూరు రోడ్డులో, జయదేవ బన్నేరుఘట్ట రోడ్డులో ఉన్నాయి. నారాయణ హెల్త్ సిటీ ఊరికి దక్షిణాన బొమ్మసంద్రలో. 2025 ఆగస్టులో మొదలైన ఎల్లో లైన్ మెట్రోలో జయదేవ స్టేషనూ ఉంది, చివరి స్టేషన్ బొమ్మసంద్ర.
• విమానం ఎక్కాల్సి ఉంటే చివరి రాత్రి గది దేవనహళ్లి వైపు చూసుకోండి. ఎయిర్‌పోర్టు ఊరి నడిబొడ్డు నుంచి సుమారు 35 కిలోమీటర్లు.

టైమ్ లెక్క: 24 గంటలు కాదు!

మన వాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. తిరుపతిలో చాలా లాడ్జిల్లో 24 గంటల పద్ధతి అలవాటు. పొద్దున 6కి దిగితే మర్నాడు 6 వరకు గది మనదే. చైన్ హోటళ్లలో అలా కాదు. చాలాచోట్ల గది ఇచ్చేది మధ్యాహ్నం 2కి, ఖాళీ చేయాల్సింది మర్నాడు 11కో 12కో.

రాత్రి బస్సెక్కి తెల్లవారుజామున 5కి బెంగళూరులో దిగారనుకోండి. గది చేతికి రావడానికి ఇంకా 9 గంటలు. పక్కన పేషెంటో, చంటిబిడ్డో ఉంటే? దారులు ఇవీ:

• ముందే ఫోన్ చేసి పొద్దున్నే గది ఇస్తారా, ఎంత ఎక్కువ తీసుకుంటారో అడగండి. ఒప్పుకుంటే మెసేజ్‌లోనో, మెయిల్‌లోనో రాయించుకోండి.
• పేషెంట్ ఉంటే ముందురోజు రాత్రి నుంచే బుక్ చేసి, తెల్లవారుజామున వస్తామని చెప్పండి. చెప్పకపోతే రాలేదనుకుని గది వేరేవాళ్లకు ఇచ్చేసే ప్రమాదం ఉంది.
• స్నానం చేసి బట్టలు మార్చుకుంటే చాలనుకుంటే రైల్వే రిటైరింగ్ రూమ్ చూడండి. టికెట్ పీఎన్‌ఆర్ నంబర్‌తో ఐఆర్‌సీటీసీలో బుక్ చేసుకోవచ్చు.
• బ్యాగులు మాత్రం చాలా చైన్ హోటళ్లలో ముందే వచ్చినా రిసెప్షన్‌లో పెట్టుకోనిస్తారు.

బిల్లు లెక్క: రూ.7,500 గీత గుర్తుపెట్టుకోండి

యాప్‌లో మొదట కనిపించే రేటులో చాలాసార్లు పన్ను కలిసి ఉండదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి హోటల్ గదుల జీఎస్టీ మారింది. రోజుకు గది అద్దె రూ.7,500 వరకు ఉంటే 5 శాతం. అది దాటితే 18 శాతం.

• గది రూ.3,000 అయితే పన్ను రూ.150. మొత్తం రూ.3,150.
• రూ.7,400 అయితే పన్ను రూ.370. మొత్తం రూ.7,770.
• రూ.7,600 అయితే పన్ను రూ.1,368. మొత్తం రూ.8,968.

చూశారా? అద్దెలో తేడా రూ.200, బిల్లులో తేడా రూ.1,198! ఈ లెక్క ఒక్కో గదికి, ఒక్కో రోజుకు. రూ.4,000 చొప్పున రెండు గదులు తీసుకుంటే మొత్తం రూ.8,000 అయినా పన్ను 5 శాతమే.

దూరం ఖర్చు కూడా ఇందులోనే కలపాలి. ఆస్పత్రికి దూరంగా రూ.2,200 గది, దగ్గర్లో రూ.2,800 గది ఉన్నాయనుకుందాం. పన్నుతో కలిపి రూ.2,310, రూ.2,940. తేడా రూ.630. దూరపు హోటల్ నుంచి రోజుకు రెండుసార్లు వెళ్లి రావడానికి ఆటోకు ట్రిప్పుకు రూ.200 అనుకున్నా నాలుగు ట్రిప్పులకు రూ.800. చౌక అనుకున్న గదే ఖరీదైంది!

తిండి ఖర్చు:
• బుకింగ్‌లో ఈపీ అని ఉంటే గది మాత్రమే. సీపీ అంటే టిఫిన్‌తో కలిపి. ఎంఏపీ అంటే టిఫిన్‌తో పాటు ఒక పూట భోజనం. పొద్దున 6కే క్యూలో నిలబడాల్సి ఉంటే టిఫిన్‌కు డబ్బు కట్టడం వృథా. బయట ఇడ్లీ, పొంగల్ ఎక్కడైనా దొరుకుతాయి.
• హోటల్ రెస్టారెంట్‌లో వాటర్ బాటిల్‌కు ఎంఆర్‌పీ కంటే ఎక్కువ వేయొచ్చని 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. నీళ్లు బయట కొనుక్కోండి, లేదా గదిలో ఉచితంగా పెట్టే బాటిళ్లు అడగండి.
• సర్వీస్ ఛార్జీ మాత్రం తప్పనిసరి కాదు. అడక్కుండా బిల్లులో కలపకూడదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. తీసేయమని అడగండి. వినకపోతే 1915కి ఫోన్ చేయండి.

ఆస్పత్రి పనైతే ఇవి అదనం

రెండు మూడు రోజుల చెకప్‌కు చైన్ హోటల్ సరిపోతుంది. ఆపరేషన్, క్యాన్సర్ చికిత్స లాంటి వాటికి వారాల తరబడి ఉండాలంటే జేబు తట్టుకోదు. పైగా పేషెంట్‌కు గంజో, ఉప్పు కారం తగ్గించిన కూరో వండాలి. చైన్ హోటల్ గదిలో పొయ్యి పెట్టనివ్వరు. అలాంటప్పుడు వంటగది ఉన్న సర్వీస్ అపార్ట్‌మెంట్, లేదా ఆస్పత్రి చుట్టుపక్కల రోజువారీ అద్దె గదులే నయం. చెన్నై గ్రీమ్స్ రోడ్ చుట్టుపక్కల, వేలూరులో సీఎంసీ ఎదురుగా ఇలాంటివి చాలా ఉన్నాయి. మొదటి రెండు రాత్రులకే హోటల్ తీసుకుని, అక్కడికి వెళ్లాక కళ్లతో చూసి మారడం మంచిది.

డిశ్చార్జి ఎప్పుడో డాక్టర్‌కే తెలియదు. కాబట్టి కాస్త ఎక్కువైనా క్యాన్సిల్ చేసుకోగలిగే రేటే తీసుకోండి. డబ్బు వాపసు ఇవ్వని ఆఫర్ జోలికి వెళ్లొద్దు. లిఫ్ట్ ఉందా, వీల్‌చైర్ గదిలోకి వస్తుందా, వెస్టర్న్ టాయిలెట్ ఉందా.. ఫోన్‌లో అడిగి తెలుసుకోండి.

బుకింగ్‌లో మోసపోకుండా..

గూగుల్‌లో కనిపించిన నంబర్‌కు ఫోన్ చేసి, అవతలివాళ్లు పంపిన క్యూఆర్ కోడ్‌కు డబ్బు కొట్టొద్దు. దర్శనం, గదుల పేరుతో నకిలీ వెబ్‌సైట్ల మోసాలు తిరుపతి వాళ్లకు కొత్త కాదు. హోటళ్ల పేరుతోనూ అదే నడుస్తోంది. కంపెనీ సొంత వెబ్‌సైట్, లేదా మీరు ఎప్పుడూ వాడే యాప్ నుంచే బుక్ చేయండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

యాప్‌లో రేటు చూశాక కంపెనీ వెబ్‌సైట్‌లో కూడా ఒకసారి చూడండి. చాలా చైన్లలో మెంబర్‌షిప్ ఉచితం, మెంబర్లకు రేటు కొంత తగ్గిస్తారు.

కార్డులు మర్చిపోవద్దు

• గదిలో ఉండే పెద్దవాళ్లందరికీ ఒరిజినల్ గుర్తింపు కార్డు ఉండాలి. పాన్ కార్డు మీద అడ్రస్ ఉండదు కాబట్టి చాలాచోట్ల తీసుకోరు.
• ఆధార్ జిరాక్స్ ఇవ్వడం ఇష్టం లేకపోతే చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకోండి. అది తీసుకుంటారా అని ముందే అడగండి.
• పరీక్షకు 18 ఏళ్లు నిండని పిల్లల్ని ఒంటరిగా పంపితే చాలా హోటళ్లు గది ఇవ్వవు. ఎవరైనా పెద్దవాళ్లు తోడు వెళ్లాలి.
• విదేశీ పాస్‌పోర్ట్ ఉన్న బంధువులు మీతో ఉంటే పాస్‌పోర్ట్, వీసా లేదా ఓసీఐ కార్డు తప్పనిసరి. వాళ్ల వివరాలను హోటల్ 24 గంటల్లో అధికారులకు పంపాలి.

డబ్బు కట్టే ముందు ఫోన్‌లో అడగాల్సిన 7 ప్రశ్నలు

1. నా బుకింగ్ మీ దగ్గర కనిపిస్తోందా? (యాప్‌లో చేసినా ఇది అడగాలి)
2. మేం ఫలానా టైమ్‌కి వస్తాం, గది ఇస్తారా? ఎక్స్‌ట్రా ఎంత?
3. పన్నుతో కలిపి మొత్తం ఎంత?
4. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు ఒకే గదిలో ఉండొచ్చా? ఎక్స్‌ట్రా బెడ్‌కు ఎంత?
5. టిఫిన్ ఉందా, ఎన్ని గంటలకు మొదలవుతుంది?
6. ఎప్పటిలోగా క్యాన్సిల్ చేస్తే డబ్బు వాపస్ వస్తుంది?
7. దగ్గర్లోని మెట్రో స్టేషన్ ఏది, నడిచి రావొచ్చా?

వీటికి రిసెప్షన్‌లో తడుముకోకుండా జవాబు చెప్పే హోటల్ చిన్న పేరుదైనా పర్వాలేదు. నీళ్లు నమిలితే, అది ఎంత పెద్ద బ్రాండ్ అయినా ఇంకొకటి చూసుకోవడమే మేలు.