పావలా చందా

జీతములిచ్చు దినమున మిల్లు గేటు వెలుపల బల్ల వేసికొని, రసీదు పుస్తకము ముందు పెట్టుకొని కూర్చుండు యూనియను మనిషిని పారిశ్రామిక నగరములలో పెరిగినవారందరును ఎరుగుదురు. కార్మికుడు అప్పుడే చేతబడిన కూలి డబ్బులలోనుండి ఒక చిన్న నాణెము తీసి బల్లమీద పెట్టును. ఆతడు పేరును నెలను వ్రాసికొని రసీదు చింపి యిచ్చును. నిమిషమైనను పట్టని ఈ వ్యవహారమునందే సంఘమున సభ్యుడెవడు, ఓటు వేయదగినవాడెవడు, పదవికి నిలువదగినవాడెవడు అను మూడు ప్రశ్నలకును మూలమున్నది. పదవికి అర్హత యొకటి, చందా యొకటి అని మనము వేరువేరుగా తలచుచుందుము గాని, మన దేశపు కార్మికోద్యమ చరిత్రమున ఈ రెండును ఒకే త్రాటి రెండు పేటలవలె పెనవేసికొని వచ్చినవి.

1918వ సంవత్సరము ఏప్రిల్ 27వ తేదీన మద్రాసు నగరమునందలి పెరంబూరులో మద్రాసు లేబర్ యూనియను వెలసినది. బకింగ్‌హామ్, కర్ణాటిక్ మిల్లులలో పనిచేయువారి కష్టములను నిత్యము చూచుచుండిన సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు అను ఇద్దరు వర్తకులు పూనుకొని, అనిబిసెంటు సహచరుడును దివ్యజ్ఞాన సమాజమువాడునగు బి.పి. వాడియాను అధ్యక్షత వహింపుమని కోరిరి. తమిళ సాహిత్యవేత్తయగు తిరు.వి. కల్యాణసుందరము ఉపాధ్యక్షుడయ్యెను. ఈ నలువురిలో మగ్గముమీద పనిచేసినవాడొక్కడును లేడు. ఇది కార్మికుల చేతకానితనమువలన కలిగిన లోపమని కొందరు వ్రాసిరి గాని, ఆనాటి స్థితిని తలచుకొన్నచో కారణము తేటతెల్లమగును: ఉదయమున సంఘ కార్యదర్శియని చేవ్రాలు చేసిన కార్మికుని పేరు సాయంకాలమునకు మస్టరులో ఉండునను నమ్మకము లేదు. యజమాని కొట్టివేయజాలని పేరు, మస్టరులో మొదటినుండియు లేని పేరొక్కటియే.

అయితే ఆ బయటి పేరుకును రక్షణ లేదని రెండేండ్లలోనే తేలిపోయినది. 1920లో మిల్లులో తగవు ముదిరి లాకౌటు కాగా, యాజమాన్యమువారు మద్రాసు హైకోర్టుకెక్కి, కార్మికులు పనిలోనికి పోకుండ చేయుచున్నారని సంఘ నాయకులపై నిషేధాజ్ఞ తెచ్చిరి. సంఘమునకు చట్టసమ్మతమైన ఉనికియే లేని ఆ కాలమున కార్మికులు కలిసికట్టుగా పని మానుట కుట్రగాను, వారికి మానుడని చెప్పుట యజమానికి నష్టము కలిగించు అపరాధముగాను ఎంచబడుచుండెను. తుదకు రాజీ కుదిరి దావా విరమింపబడినది గాని, అందుకు మూల్యముగా వాడియా కార్మికోద్యమమునుండియే తప్పుకొనవలసివచ్చెను. ఒక సంఘమునకు అధ్యక్షుడుగా ఎవడు ఉండవలెనో, ఎవడు ఉండరాదో ఆ సంఘపు సభ్యులు గాక ఎదుటి పక్షమువారు నిర్ణయించిరి. అర్హతను గూర్చిన మన చరిత్ర ఈ అవమానముతో ఆరంభమైనది.

ఈ ఉదంతము దేశమంతటిని కలచివేసినది. 1921లో కార్మిక నాయకుడగు ఎన్.ఎం. జోషి కేంద్ర శాసనసభలో కార్మిక సంఘములకు రిజిస్ట్రేషనును రక్షణను కల్పింపవలెనని తీర్మానము ప్రవేశపెట్టగా, యజమానుల ప్రతిఘటనలన్నియు దాటి ఐదేండ్లకు, 1926లో, అది ట్రేడ్ యూనియన్ల చట్టమై, 1927 జూన్ 1వ తేదీనుండి అమలునకు వచ్చినది. ఆనాటి చట్టము ప్రకారము ఏడుగురు కలిసి రిజిస్ట్రారునకు దరఖాస్తు పెట్టుకొనవచ్చునని యుండెను. కార్యవర్గమును ఎట్లు నియమింతురో, ఎట్లు తొలగింతురో, ధనమును ఎట్లు భద్రపరతురో, లెక్కలను ఏటేట ఎట్లు తనిఖీ చేయింతురో నిబంధనలలో చెప్పవలెను; సభ్యుల జాబితాను, లెక్కల పుస్తకములను ప్రతి సభ్యుడును చూచుటకు వీలు కల్పింపవలెను. పదునైదేండ్లు నిండినవారు సభ్యులు కావచ్చునని యుండెను. పదవులలో కనీసము సగము ఆ పరిశ్రమలో పనిచేయువారికే చెందవలెనని యుండెను. అనగా మిగిలిన సగము బయటివారికి చట్టముచేతనే విడిచిపెట్టబడినది. వాడియాకు జరిగినది మరియొకరికి జరుగకుండుటకు ఈ సగమే ఆధారమైనది.

ఆ చట్టమున మిక్కిలి సూక్ష్మమైన న్యాయదృష్టి కనుపించు చోటు పదునారవ విభాగము. సంఘము రాజకీయ ప్రయోజనములకై ప్రత్యేక నిధి నొకదానిని పెట్టుకొనవచ్చును గాని, దానికి చందా ఇమ్మని ఎవ్వరిని నిర్బంధింపరాదు. ఇవ్వనివానిని సంఘమునందలి సౌకర్యములనుండి తొలగింపరాదు. ఆ నిధి నిర్వహణ విషయమున తప్ప మరి యే విషయమునను వానిని తక్కువ చేయరాదు. ఏ ధనమునకు చందా ఇచ్చిన ఆ ధనముమీదనే అధికారము, ఇవ్వకపోయినను తక్కిన హక్కులన్నియు పదిలము అను ఈ సూత్రమును నేను చందా నియమములన్నిటికిని ఒరగల్లుగా భావింతును.

ఇంత చెప్పిన చట్టము చందా ఎంత ఉండవలెనో మాత్రము చెప్పలేదు. ఫలితముగా సమ్మె వచ్చినప్పుడు మొలచి, సమ్మెతో పాటు వాడిపోవు సంఘములు అనేకము పుట్టినవి. స్వాతంత్ర్యానంతరము ఒకే కర్మాగారమున మూడు నాలుగు సంఘములు ఏర్పడి, ప్రతిదియు తనకే అధిక సంఖ్యాకులున్నారని చెప్పుకొన మొదలిడగా, కాగితముమీది సభ్యుని, నిజమైన సభ్యుని వేరుపరచు ఉపాయము అవసరమైనది. ఆ ఉపాయము మరల రసీదు పుస్తకముననే దొరకినది. 1958లో నైనిటాలులో జరిగిన భారత లేబర్ కాన్ఫరెన్సు ఆమోదించిన క్రమశిక్షణా నియమావళి, యజమాని గుర్తింపు కోరు సంఘము రిజిస్టరైన పిమ్మట ఒక ఏడాదియైనను పనిచేసియుండవలెననియు, ఆ సంస్థలోని కార్మికులలో నూటికి 15 మందియైనను దానిలో ఉండవలెననియు నిర్ణయించి, అటుపై సభ్యుడనగా ఎవడో చెప్పినది: లెక్క చూచు దినమునకు ముందటి ఆరు నెలలలో కనీసము మూడు నెలల చందా చెల్లించినవాడు. ఆరింట మూడు అను ఈ లెక్కలో కార్మికుని బ్రతుకు తెలిసినవారి దయ కనుపించును. జబ్బుచేసిన నెలయుండును, పెండ్లి వచ్చిన నెలయుండును. ఒక నెల తప్పినంత మాత్రమున వాడు సంఘమునకు పరాయివాడు కాడు.

రెండేండ్లకు, 1960లో, చట్టమే సవరింపబడి, ప్రతి సభ్యుడును నెలకు 25 నయాపైసలకు తక్కువ కాకుండ చందా చెల్లించునట్లు సంఘ నిబంధనలు ఉండితీరవలెనని శాసించినది. నయాపైసలు వచ్చి అప్పటికి మూడేండ్లే గనుక జనులు దానిని పావలాయనియే పిలిచిరి. ఎంత బీదవాడును పావలా లేక సంఘమునకు వెలియై పోరాదను సదుద్దేశము ఇందున్నది. కాని చట్టము వేసిన నేలను అనేక సంఘములు పైకప్పుగా చేసికొనినవి. పావలాను మించి అడిగినచో సభ్యులు ఎదుటి సంఘమునకు పోదురను భయముతో పావలాకే నిలిచిపోయి, ఆఫీసు అద్దెకును, తపాలాకును, లేబరు కోర్టులో వాదించు ప్లీడరు ఫీజునకును చాలక, స్వంత వనరులు కలిగి ఊరకనే పనిచేసి పెట్టు బయటి నాయకునిమీద ఆధారపడినవి. చందా తక్కువైనకొలది బయటివాని అవసరము ఎక్కువైనది. బయటివాడు ఎక్కువైనకొలది లోపలివాడు పదవికి నిలుచు అలవాటు తక్కువైనది. గజేంద్రగడ్కరు అధ్యక్షత వహించిన జాతీయ కార్మిక కమిషను 1969లో చందాను నెలకు ఒక రూపాయి చేయవలెనని సిఫారసు చేసినప్పుడు ఈ ముడిని చక్కగా గ్రహించియే చేసినది. ఆ సిఫారసు చట్టరూపమెత్తుటకు మూడు దశాబ్దములు పట్టినది.

బయటివారినందరిని ఒక్క గాటను కట్టుట మాత్రము కృతఘ్నత యగును. బరంపురమున పుట్టి, బారిష్టరు చదువుకై ఐర్లండు వెళ్ళివచ్చి, రైలు కార్మికుల సంఘముల నిర్మాణమునకు జీవితమును ధారపోసి, చట్టము పుట్టిన ఆ 1926లోనే అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసునకు అధ్యక్షత వహించిన మన వి.వి. గిరి ఇంజను తోలినవాడు కాడు, పట్టాలు వేసినవాడు కాడు. అట్టివారు లేకున్నచో కార్మికుడు తన గోడు చెప్పుకొనుట నేర్చుకొనుటకే మరియొక తరము గడచియుండెడిది. కాని గురువు చేయి పట్టి అక్షరము దిద్దించుట ఎంత పుణ్యమో, అక్షరము వచ్చిన పిదప చేయి విడుచుట అంత ధర్మము.

శాసనకర్తలు ఆ చేతిని మెల్లమెల్లగా విడిపించిరి. 1964లో, పదునెనిమిదేండ్లు నిండనివారును, నైతిక పతనముతో కూడిన నేరమునకు జైలుశిక్ష పొంది విడుదలై ఐదేండ్లు గడువనివారును పదవికి తగరని నిర్ణయమైనది. 2001 నాటి సవరణతో వ్యవస్థీకృత రంగమున బయటివారి సంఖ్య మొత్తములో మూడవ వంతునకో ఐదుగురికో, ఏది తక్కువయో దానికి పరిమితమైనది. మంత్రి పదవిలోనున్నవారు సంఘ పదవికి అనర్హులైరి. చందా గ్రామీణ కార్మికులకు ఏడాదికి ఒక రూపాయి, అవ్యవస్థీకృత రంగమువారికి మూడు, తక్కినవారికి పన్నెండు రూపాయలు కనిష్ఠ పరిమితియైనది. ఆ సవరణలోనే ఒక చిన్న వివరణ కలదు: పదవీ విరమణ చేసినవానిని, రిట్రెంచిమెంటులో పని పోయినవానిని బయటివానిగా ఎంచరాదు. పెరంబూరులో 1918లో చేవ్రాలు చేయుటకు జంకిన కార్మికుని తలచుకొని ఈ వాక్యమును చదివినచో దాని విలువ తెలియును. గేటు మూసికొన్నంతమాత్రమున సంఘము వానికి మూసికొనదని చట్టము చెప్పినది.

మన తెలుగునాట ఈ కథకు మరియొక మలుపు సింగరేణి బొగ్గుగనులలో వచ్చినది. అసంఖ్యాకములైన సంఘములతోను, ఎడతెగని సమ్మెలతోను సతమతమైన ఆ గనులలో 1998నుండి గుర్తింపు సంఘమును రహస్య బ్యాలెటుతో ఎన్నుకొనుచున్నారు. 2023 డిసెంబరు 27న జరిగిన ఎన్నికకు ఓటర్లు దాదాపు 40 వేలమంది. ఇచట ఓటుకు రసీదు అక్కరలేదు; కంపెనీలో ఉద్యోగియైన చాలును. నకిలీ రసీదులకును, పోటీదారుని పేరు ఎన్నికలముందు బకాయిల పేరిట కొట్టివేయు దుష్టయుక్తికిని దీనితో చోటు లేకపోయినది. ఇది గొప్ప మేలు.

అయినను బ్యాలెటు కొన్ని ఏండ్లకొకసారి వచ్చిపోవునది. రసీదు పుస్తకము నెలనెల తెరచునది. చందా నియమము ఎవరిని వెలివేయుటకు వాడబడుచున్నదో అడిగి చూచినచో అది ధర్మమో అధర్మమో వెంటనే తేలును. బకాయి పడినవానికి ముందుగా తెలియజేసి, చెల్లించుటకు గడువిచ్చి, ఆ పిమ్మటనే జాబితా ముగించు సంఘము తన సభ్యుని గౌరవించినది. అట్లు చేయనిది మద్రాసు మిల్లు యజమాని పద్ధతినే పట్టినది. చట్టము సభ్యునికి లెక్కల పుస్తకము చూచు హక్కునిచ్చి నూరేండ్లగుచున్నది. పావలాయైనను పన్నెండు రూపాయలైనను, చందా ఇచ్చి రసీదు మడిచి జేబులో పెట్టుకొన్న కార్మికుడు మరునాడు యూనియను ఆఫీసునకు పోయి ఆ పుస్తకము చూపుమని అడుగవలెను. అట్లు అడుగ నేర్చినవాడు మరుసటి ఎన్నికలో పదవికి నిలుచుటకు బయటివాని తోడు కొరకు చూడడు.